ఇంజను నాజిలూ, అత్తయ్య వేళ్ళూ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గది కంటే ఇంజను పాకకే మడి ఎక్కువ. పిల్లలు అటు తొంగిచూడకూడదు. ఆడపిల్లలైతే ఆ గుమ్మమే తొక్కకూడదు. పరికిణీ అంచు బెల్టులో పడిందంటే మనిషినే లాగేసుకుంటుందని మా నాన్న రోజుకోసారి చెప్పేవారు. చెప్పడమంటే అరవడమే లెండి. నాకు పదకొండేళ్ళప్పుడు, ఆ ఇంజను దగ్గరే, మా మేనత్త ఎడమ చేతికి రెండు వేళ్ళు పోయాయి. నా వల్ల పోయాయి. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి చెప్పే ఓపిక నాకు లేదు, అసలు దాచడమంటేనే నాకు ఒళ్ళు మంట.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మేముండే తాడేపల్లిగూడెంలో మొన్నామధ్య మా ఎదురింటాయన తన పాత డీజిలు కారు మూత ఎత్తి, ఎదురుగా ఫోను నిలబెట్టుకుని, అందులో ఎవరో చెప్తుంటే వింటూ ఇంజెక్టర్ల సీళ్ళు మారుస్తున్నారు. షెడ్డుకి తీసుకెళ్ళొచ్చు కదండీ అంటే, ఈ మాత్రం దానికి షెడ్డెందుకండీ అన్నారు. అరుగు మీద రెండు స్పానర్లు, వంటింట్లోంచి తెచ్చిన అట్లకాడ, పాత పళ్ళ బ్రష్షు, పురికొస తాడు పరిచి పెట్టారు. సరే, నాకేం పని, చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన ఇంజెక్టరు ఒకటి బయటే ఉంచి, డీజిలు కొడుతోందో లేదో చూద్దామని వాళ్ళావిడని స్టార్టు చెయ్యమన్నారు. చెప్పి, అరచెయ్యి తిన్నగా దాని ముందుకు తీసుకెళ్ళారు. ఈ మోకాళ్ళతో నేను అరుగు దిగి ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. ఆయన చెయ్యి పట్టుకుని లాగేశాను. పెద్దావిడకి ఏమైందండీ అని వాళ్ళావిడ కంగారుపడింది. ఏమైందో ఆవిడకి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను.

మా ఊరు కలిదిండికి దిగువన, కొల్లేటి అంచున. ఇప్పుడక్కడ ఎటు చూసినా చేపల చెరువులే కానీ, అప్పుడు వరి పొలాలే. మా దొడ్డి దాటితే మా పొలం, పొలం చివర మట్టిగట్టు, గట్టు అవతల కొల్లేరు. వానలు పడి కొల్లేరు పెరిగితే నీళ్ళు గట్టు కిందనుంచి ఊరి, పొలంలోకి వచ్చేసేవి. పైనుంచి పడే వాన సరేసరి. ఆ నీళ్ళని మళ్ళీ గట్టు అవతలకి తోడెయ్యడానికే మా నాన్న ఆ ఇంజను కొన్నారు. ఒక్క సిలిండరు డీజిలు ఇంజను. చేత్తో హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యాలి. కొన్నది నాన్నే అయినా దానికి ఏ జబ్బు చేసినా ఆయన అరవడం తప్ప చేసేదేమీ ఉండేది కాదు. వైద్యమంతా మా అత్తయ్యది.

అత్తయ్య మా నాన్నకి అక్క. మావయ్య ఈ తాడేపల్లిగూడెం దగ్గరే ఒక బియ్యం మిల్లులో ఇంజను నడిపేవారు. ఆయనకి మధ్యాహ్నం అన్నం కేరేజీ పట్టుకెళ్ళి, ఆయన తినేదాకా పక్కన కూర్చుని, కూర్చున్నంతసేపూ ఇంజనునే చూస్తూ అంతా నేర్చేసుకుంది. మావయ్య కామెర్లొచ్చి పోయాక మా ఇంటికి వచ్చేసింది. పనిముట్లు మిల్లువి కాబట్టి అక్కడే ఉండిపోయాయి, పనితనం మాత్రం ఆవిడ వెంట వచ్చింది. మా ఇంట్లో ఉన్నవల్లా రెండు స్పానర్లు, ఒక గునపం, ఒక ఉలి, ఆకురాయి ముక్క. మిగతావన్నీ అత్తయ్యే తయారుచేసుకునేది. సైకిలు చక్రం పుల్ల వంచి కొక్కెం చేసేది, వెదురు బద్ద చెక్కి లోపలి మసి గీకేది, అమ్మ కళ్ళుగప్పి వంటింట్లోంచి పట్టకారు పట్టుకుపోయేది. ఊళ్ళో మగాళ్ళు, ఏవండీ, ఇంజను గారికి జ్వరం తగ్గిందా అని వేళాకోళం చేసేవారు. మీ ఇంజనుకొచ్చినప్పుడు కబురెడతారు కదా, అప్పుడు చెప్తాలెండి అనేది అత్తయ్య. వాళ్ళు నిజంగానే కబురు పెట్టేవారు.

నన్ను బడికి పంపించిందీ ఆవిడే. ఐదో తరగతి అవ్వగానే మా నాన్న ఇక చాలన్నారు. హైస్కూలు నాలుగు మైళ్ళు, గట్టు మీద నడక. అత్తయ్య నాన్నతో వారం రోజులు మాట్లాడకుండా, ఎదురుపడితే గోడవైపు తిరిగి నడుస్తూ, చివరికి ఒప్పించింది. ఒప్పుకుంటూ నాన్న ఒక షరతు పెట్టారు. పెద్దయ్యే పిల్ల ఒద్దికగా ఉండాలి, మళ్ళీ ఇంజను పాకలో కనబడితే ఆ రోజుతో బడి బందు. ఆయన అన్నంత పనీ చేసే మనిషే. ఈ షరతు గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిందంతా దీని చుట్టూనే.

ఆ ఏడు సార్వా నాట్లు పడ్డ ఇరవై రోజులకి ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. కొల్లేరు పెరిగి ఊరి రోడ్డు మునిగింది, బడికి సెలవిచ్చారు. పొలంలో నాట్లు నీళ్ళ కింద పడ్డాయి, ఆకు కొసలు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంకో రెండు మూడు రోజులు అలాగే ఉంటే కుళ్ళిపోతాయి. మళ్ళీ నాటుకుందామంటే నారు లేదు. ఊళ్ళో మగాళ్ళంతా గట్టు తెగకుండా మట్టి వేస్తున్నారు, మా నాన్న కూడా అక్కడే. ఇంజను రాత్రీ పగలూ నీళ్ళు తోడుతోంది. నాలుగో రోజు పొద్దున అది చుస్ చుస్ మని ఆవిరి కక్కడం మొదలుపెట్టి, నాజిలు చుట్టూ నల్లటి మసి నురగలా చిమ్మి, బలం తగ్గి, దగ్గి ఆగిపోయింది.

అత్తయ్య వెళ్ళి చూసి రెండు నిమిషాల్లో చెప్పేసింది. ఇంజను తలకాయలోకి డీజిలు చిమ్మే నాజిలు ఉంటుంది కదా, ఎదురింటాయన ఇంజెక్టరన్నది దీన్నే, దాని కింద చిన్న రాగి వాషరు ఉంటుంది. లోపలి మంట బయటికి తన్నకుండా అదే ఆపాలి. అది కాలిపోయింది. కొత్త వాషరు కావాలంటే కైకలూరు వెళ్ళాలి. రోడ్డు మీద నడుం లోతు నీళ్ళు.

అమ్మకి గట్టు మీద వాళ్ళందరికీ వంట చేసే పని. మిగిలింది నేను. అత్తయ్య నాకేసి ఒక్క క్షణం చూసింది, గట్టు వైపు చూసింది. తర్వాత, రావే అమ్మడూ, నాన్న మధ్యాహ్నందాకా రాడులే అంది. నాకు రెక్కలొచ్చినట్టే అయింది. పరికిణీ ఎగ్గట్టి నడుముకి బిగించి, జడ పైకి చుట్టి, నన్ను ఆ గుమ్మంలోకి తనే తీసుకెళ్ళింది.

రెండు నట్లు విప్పింది. నాజిలు కదల్లేదు, మసితో కరుచుకుపోయింది. చుట్టూ కిరసనాయిలు పోసి, కాసేపాగి, చెక్కముక్కతో నాలుగు పక్కలా తట్టి, గునపం మొన కింద దూర్చి నెమ్మదిగా ఎత్తింది. వచ్చింది. కానీ వాషరు రాలేదు, రంధ్రం అడుగునే అంటుకుపోయి ఉంది. మా ఊళ్ళో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారని చెప్పింది. పాతది తియ్యడం కష్టమని దాని మీదే కొత్తది వేసేస్తారు, నాజిలు ఎత్తుగా కూర్చుంటుంది, ఇంజను నల్లటి పొగ కక్కుతూ చస్తుంది. సైకిలు పుల్ల కొక్కెంతో అరగంట కుస్తీ పట్టి దాన్ని పైకి లాగింది. అది సగం కాలి, ఒక పక్క చిట్లిపోయి ఉంది.

అప్పుడు చూడాలండీ ఆవిడ తెలివి. అటక మీద అడుగు కారుతున్న రాగి కాగు ఒకటి ఉండేది, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాన్ని దింపి, పాత వాషరుని కాగు మీద పెట్టి మేకుతో గీత గీసి, ఉలితో చెక్కి, అంచులు ఆకురాయితో రాసి, గచ్చు మీద తడిపి రుద్ది చదును చేసింది. అమ్మ వంటింట్లోంచి, నా కాగు, నా కాగు అని గగ్గోలు పెడుతూనే ఉంది. తర్వాత దాన్ని పొయ్యిలో వేసి ఎర్రగా కాల్చి, పట్టకారుతో తీసి నీళ్ళలో ముంచింది. ఇలా చేస్తే గట్టిపడుతుంది కదా అత్తయ్యా అన్నాను, కొలిమి దగ్గర కత్తులు ముంచడం చూశాను కాబట్టి. అది ఇనుము, ఇది రాగి, ఇది మెత్తబడుతుంది, మెత్తబడితేనే ఒదిగి కూర్చుంటుంది అంది. నా అరచేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేనేమో.

నాజిలు లోపల పెట్టేముందు అది సరిగ్గా కొడుతోందో లేదో చూసుకోవాలి. అత్తయ్య దాన్ని బయటే పైపుకి వదులుగా తగిలించి, మొన గోడవైపు తిప్పింది. నన్ను హ్యాండిలు తిప్పమంది. మామూలుగా ఆ హ్యాండిలు మగవాళ్ళకే బరువు. కానీ నాజిలు తీసేసిన రంధ్రం తెరిచి ఉంది కదా, లోపల గాలి బిగువు లేదు, గిర్రున తిరిగిపోతోంది. నేనే ఇంజను తిప్పుతున్నాను! పైపులో గాలి పోయి డీజిలు బుడగలు లేకుండా వచ్చేదాకా తిప్పాను. ఆపు అంది. ఆపాను. పైపు నట్టు బిగించింది. నేను ఊఁ అనేదాకా తిప్పకు, వినబడిందా అంది. వినబడింది. ఈ ముక్క నేను ఎన్నిసార్లు తల్చుకున్నానో లెక్కలేదు. నాకు శుభ్రంగా వినబడింది.

నాజిలు మొనకి గుడ్డ పోగు ఏదో అంటుకుంది. అత్తయ్య వంగి ఎడమ చేత్తో దాన్ని తుడుస్తోంది. నా చేతిలో హ్యాండిలు ఉంది. ఇంకొక్కటి, ఒక్క చుట్టు, అంతే అనుకున్నాను. అసలు అనుకున్నానో లేదో కూడా చెప్పలేను. తిప్పాను.

కిర్ మని చిన్న శబ్దం వచ్చింది. అత్తయ్య స్స్ అని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలు పట్టుకుని వెలుతురులో చూసింది. నేనూ చూశాను. చూపుడువేలు మీద సూదిమొనంత చుక్క. రక్తం లేదు. నొక్కితే కాస్త డీజిలు జిడ్డు వచ్చింది, అంతే. నేను ఏడుపు అందుకున్నాను. ఛీ, ఊరుకో, ఏం కాలేదు, చీమ కుట్టినట్టుంది అంది. నా మొహం చూసి, కొంగుతో కళ్ళు తుడిచి, ఇంకో మాట అంది. నువ్వు ఇక్కడికి రాలేదు, నేను నిన్ను పిలవలేదు, నాకు సైకిలు పుల్ల గుచ్చుకుంది. సరేనా? సరే అన్నాను. నా బడి కోసం అలా అంది. ఆ వేలితోనే వాషరు వేసి, నాజిలు కూర్చోబెట్టి, నట్లు రెండూ సమంగా బిగించి, గట్టు మీదనుంచి ఒకతన్ని కేకేసి హ్యాండిలు తిప్పించింది. ఇంజను అందుకుంది. చుస్ అన్న శబ్దమే లేదు.

మధ్యాహ్నం మా నాన్న వచ్చి, పొలంలో నీళ్ళు జానెడు దిగడం చూసి పొంగిపోయారు. అక్కయ్యా, నువ్వు లేకపోతే ఈ ఏడు మన గతి ఏమిటో అన్నారు. చేతికి గుడ్డేమిటని అడిగారు. సైకిలు పుల్ల గుచ్చుకుంది తమ్ముడూ అంది. నేను కంచంలోకి చూస్తూ అన్నం తిన్నాను.

సాయంత్రానికి వేలు పాలిపోయి తెల్లగా అయింది. మొద్దుబారిపోయిందే, గిల్లినా తెలియట్లేదు అని నాకు మాత్రమే చెప్పింది. తెల్లారేసరికి చెయ్యంతా వాచింది, మణికట్టు దాకా సలుపు. అత్తయ్య గోడకి జేరబడి కూర్చుంది, పళ్ళు బిగబట్టి. నాన్న మా ఊరి వైద్యుణ్ణి పిలుచుకొచ్చారు. పెద్ద డాక్టరేం కాదు, జ్వరాలకీ దగ్గులకీ మందిచ్చే ఆయన, పాపం మంచివాడే. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, పుల్ల తుప్పుదై ఉంటుందండీ, చీము పడుతోంది, కాపడం పెట్టండి, ఇంజక్షను చేస్తాను అన్నారు. అంతటితో వెళ్ళిపోతే నా పాపం సగమే అయ్యుండేది. ఆయన సంచీ సర్దుకుంటూ నాకేసి తిరిగి, పుల్ల లోపలేమీ విరిగిపోలేదు కదా, నువ్వు చూశావా అమ్మా అని అడిగారు.

అత్తయ్య నాకేసి చూసింది. ఆ నొప్పిలో కూడా కళ్ళతోనే వద్దంది. మా నాన్న ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. పుల్ల విరగలేదండీ, నేను దూరం నుంచి చూశాను అన్నాను. హ్యాండిలు తిప్పడం చెయ్యి జారి చేసిన పని అనుకోవచ్చు, పసిదాని ఆత్రం అనుకోవచ్చు. ఈ అబద్ధం మాత్రం నేను ఆలోచించి చెప్పాను. బడి, పుస్తకాల సంచీ, గట్టు మీద నడక అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొస్తే, చూసుకుని చెప్పాను.

ఆ రోజంతా అమ్మ కాపడం పెట్టింది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, చేతి మీద వేసేది. అత్తయ్య పెదవి కొరుక్కునేది. నేను ఆ నీళ్ళు కాచి ఇచ్చాను. సూదిలా చర్మం చీల్చుకుని లోపలికి పోయిన డీజిలు కండని తినేస్తోందని మాలో ఎవరికీ తెలియదు. మూడో రోజు పొద్దున గుడ్డ విప్పితే రెండు వేళ్ళు నల్లగా ఉన్నాయి. వాసన వచ్చింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది.

దోనె మీద మునిగిన రోడ్డు దాటించి, అక్కడ బస్సెక్కించి ఏలూరు తీసుకెళ్ళారు. నేను దోనె అంచు పట్టుకుని వదల్లేదు. కొట్టినా దిగనని చూసి నాన్న నన్నూ ఎక్కించుకున్నారు. బస్సులో అత్తయ్య నా భుజం మీద తల పెట్టుకుని ఒళ్ళు తెలియని జ్వరంలో ఉంది. అప్పుడు కూడా, చెప్పకే అంది. నా చెవిలోనే అంది.

ఆసుపత్రిలో డాక్టరు గారు గుడ్డ విప్పగానే ఆగిపోయారు. ఏం గుచ్చుకుంది అన్నారు. సైకిలు పుల్లండి అన్నారు మా నాన్న. పుల్ల గుచ్చుకుంటే చెయ్యి ఇలా అవ్వదండీ, ఇంకేదో జరిగింది, నిజం చెప్తేనే నేనేమైనా చెయ్యగలను అన్నారు. నాన్నకి నిజంగానే తెలియదు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. డీజిలండీ, ఇంజను నాజిల్లోంచి కొట్టింది, నేనే తిప్పాను అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, ఆయన మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను, ఈసారి అరిచినట్టు చెప్పాను.

ఎప్పుడు జరిగిందని అడిగారు. మొన్న పొద్దున అన్నాను. ఆయన తల పట్టుకున్నారు. ఆ పూటే తీసుకొచ్చి ఉంటే వేలు చీరి లోపల కడిగేసేవాళ్ళం, వేళ్ళు దక్కేవి అన్నారు. అన్నది మా నాన్నతోనే కానీ నేను అక్కడే ఉన్నాను. ఆ పూట సంగతి సరే, రోడ్డు మునిగి ఉంది, అసలు రాగలిగేవాళ్ళమా అని తర్వాత నాకు నేనే చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ మూడో రోజు దోనె దొరికింది కదా. మొదటి రోజూ దొరికేది.

మధ్యాహ్నం రెండు వేళ్ళూ తీసేశారు, అరచేతిలో కొంత కండా తీసేశారు. మిగిలిన చెయ్యి నిలిచింది.

నాన్న ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్నారు. తంతారనుకున్నాను. తన్నలేదు. బడీ మాన్పించలేదు. వానలు తగ్గాక తనే సైకిలు మీద కూర్చోబెట్టుకుని హైస్కూలు దాకా దించి వచ్చారు, దారంతా ఒక్క మాట లేదు. దేనికి భయపడి నేనూ అత్తయ్యా నోళ్ళు కుట్టేసుకున్నామో అది జరగనే లేదు. కొట్టినా బాగుండేదండీ. పోనీ తిట్టినా బాగుండేది.

పొలం నిలబడింది. ఆ ఏడు ధాన్యం బాగానే పండింది. ఆ బియ్యపు అన్నం నేను కంచంలోనే వదిలేసి లేచిపోయేదాన్ని. అమ్మ, దీనికేదో గాలి సోకిందని తాయెత్తు కట్టించింది.

అత్తయ్య తిరిగొచ్చి మళ్ళీ ఇంజను దగ్గరికే వెళ్ళింది. మూడు వేళ్ళతో నట్టు ఆపలేక కాలి వేళ్ళ మధ్య స్పానరు ఇరికించి బిగించేది. ఎవరైనా చెయ్యి చూసి అయ్యో అంటే నవ్వేసి ఒక్కొక్కళ్ళకి ఒక్కో కథ చెప్పేది. ఒకరికి బెల్టులో పడిందనేది, ఇంకొకరికి మిల్లులో పోయిందనేది, పుట్టుకతోనే అంతేనండీ అని కూడా అనేసేది. నేను పక్కనుంటే ఊరుకునేదాన్ని కాదు. కాదండీ, నేను హ్యాండిలు తిప్పాను, అందుకే పోయాయి అనేదాన్ని. దీనికి మతిలేదులెండి అనేది ఆవిడ. పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చాక కూడా, వెళ్ళిన ప్రతిసారీ మా ఇద్దరికీ ఇదే పోట్లాట. చుట్టాలు మమ్మల్ని చూసి నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

పిల్లని కాపాడదామనే అలా అనేది. ఆ ప్రేమలో నాకు అనుమానం లేదు. కానీ నాకు నలభై దాటాయి, యాభై దగ్గరపడ్డాయి, ఆవిడ ఇంకా కాపాడుతూనే ఉంది.

చివరికి ఆవిడ మంచాన పడ్డప్పుడు పది రోజులు దగ్గరుండి చేశాను. ఒక మధ్యాహ్నం జావ తాగించి, మూతి తుడిచి, ఆ ఎడమ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని అడిగాను. అత్తయ్యా, ఆ రోజు మీరు వద్దన్నా తిప్పాను, తర్వాత వైద్యుడు అడిగితే అబద్ధం చెప్పాను. నన్ను క్షమించానని ఒక్కసారి అనండి. తప్పు నీదేనే, పోనీలే అనండి, చాలు. ఆవిడ నా మొహం చూసింది. అదే చూపు, పాకలో నా కళ్ళు తుడిచినప్పటి చూపు.

"ఏం చేశావనే తల్లీ?" అంది.

ఆ తర్వాత నాలుగు రోజులే ఉంది. మళ్ళీ అడగలేదు. అడిగినా అదే మాట అనేది.

మా ఇంట్లో ఇప్పుడు మనవలున్నారు. ఏదైనా పగిలితే మా కోడలు, నువ్వు కాదులే నాన్నా, పిల్లి తోసేసి ఉంటుంది అంటుంది, పిల్లలు బెదురుతారని. నేను ఊరుకోను. కాదు, వీడే పగలగొట్టాడు, నేను చూశాను అంటాను. ముసలావిడ రాయి అనుకుంటుంది కోడలు, అనుకోనీండి. వాడు బిక్కమొహం వేసుకుని, అవును నేనే అనేదాకా ఆగుతాను. అన్నాక దగ్గరికి లాక్కుని, తప్పు నీదే, సరేలే, ఇటు రా అంటాను. వాడు వెక్కివెక్కి ఏడ్చి, నా ఒళ్ళోనే నిద్రపోతాడు. నేనే ఆ మాట ఎవరి నోటా వినలేదు. అనాల్సిన మనిషి ఒక్కరే, ఆవిడ అనకుండానే వెళ్ళిపోయింది.